కుట్ల కింద సలుపు

ఆ లాబ్‌లో ఆమెని అందరూ మైనం అక్క అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా కనపడదు, వినపడదు. ఆస్పత్రి అడుగు అంతస్తులో, కిటికీ అన్నదే లేని గదిలో, పదమూడేళ్ళుగా ఆమెది ఒకటే పని. పైన ఆపరేషన్ గదుల్లో మనుషుల్లోంచి కోసి తీసిన ముక్కలు సీసాల్లో కిందికి దిగుతాయి. వాటిని మందుల్లో నానబెట్టి, కరిగిన మైనం పోసి, అగ్గిపెట్టెలో సగం ఉండే దిమ్మలుగా గడ్డకట్టిస్తుంది. ఆ దిమ్మని మంచు పలక మీద చల్లబరిచి, చక్రం తిప్పే కోత మిషనుకి బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోస్తుంది. పొర వెనక పొర అంటుకుని రిబ్బనులా వస్తుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో తేల్చి, గాజు స్లైడు మీదికి ఎత్తి, రంగు పట్టించి పెద్ద డాక్టరు బల్ల మీద పెడుతుంది. ఆయన మైక్రోస్కోపులో చూసి మంచిదో చెడ్డదో తేలుస్తాడు.

ముక్క ఏ మనిషిదో మైనం అక్కకి అక్కర్లేదు. ఫారం మీద పేరు, దిమ్మ మీద నంబరు సరిపోతే చాలు.

"ఫారం మీద ఏ పేరుంటే ముక్క వాళ్ళదే," అని కొత్తగా చేరినవాళ్ళకి ఆమే పాఠం చెప్పేది. "పేరు తప్పు రాశారో, ఒకరి రోగం తీసి ఇంకొకరికి అంటగట్టినట్టే. ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయండి."

ఏమాటకామాటే చెప్పుకోవాలి, పనిలో ఆమెకి వంక పెట్టడానికి లేదు. "మా మైనం అక్క తలుచుకుంటే దోమ రెక్కని కూడా పది పొరలు కోస్తుంది" అని పెద్ద డాక్టరు వచ్చినవాళ్ళకల్లా గొప్పగా చెప్పేవాడు.

తన నొప్పి సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పేది కాదు. ఎవరున్నారని చెప్పుకుంటుంది? తొమ్మిదేళ్ళ కిందట కాన్పు కష్టమై కడుపు కోసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. ఏడవలేదు. పేరు పెట్టేంత వ్యవధి కూడా ఇవ్వలేదు. కాలికి కట్టిన చీటీ మీద 'పాప' అని మాత్రం ఉంది. మగత కళ్ళతో ఆ చీటీని ఒక్కసారి చూసింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి పిల్లని తీసుకెళ్ళిపోయారు. రెండేళ్ళు తిరక్కుండానే మొగుడు ఇంకో ఊళ్ళో ఇంకో ఇల్లు చూసుకున్నాడు. మూడో అంతస్తులో ఒంటి గది, ఒక మంచం, ఒక కుర్చీ, వాటి మధ్య ఈమె. రెండో కుర్చీ కొనాలని ఎప్పుడూ అనిపించలేదు, కూర్చునేవాళ్ళు లేరు కనక.

మిగిలింది పొత్తికడుపు మీద అడ్డంగా ఒక గీత. ఆ గీత ఎడమ కొసన, బొత్తాం అంత చోట, నెలకి నాలుగు రోజులు సలుపు. అలాంటిలాంటి సలుపు కాదు. మిషను ముందు కూర్చుని పళ్ళ బిగువున చక్రం తిప్పేది. ఇంటికెళ్ళి కాళ్ళు ముడుచుకుని గోడకేసి తిరిగి పడుకునేది. డాక్టర్ల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఒకాయన గ్యాస్ అన్నాడు. ఒకాయన కుట్టుదారం లోపల ఉండిపోయిందేమో అన్నాడు, స్కానులో ఏమీ కనపడలేదు. ఒకామె నరం నలిగి ఉంటుందని సూదిమందు వేసింది, అది రెండు వారాలు పనిచేసి ఊరుకుంది. ఇంకొకాయనైతే మొహం కూడా ఎత్తకుండా, "బిడ్డ పోయిన బాధమ్మా ఇది. మనసులో ఉంది, ఒంట్లో లేదు" అని తేల్చేశాడు. ఆ రోజు ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మనసు ఎక్కడుంటుందో నాకు తెలీదుగానీ, మరీ బొత్తాం అంత చోట ఇరుక్కుని ఉండదు కదా నాయనా అని దారి పొడుగునా గొణుక్కుంటూ ఇంటికొచ్చింది.

చివరికి కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మ ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "నొప్పి వచ్చే తారీఖులు ఎప్పుడైనా రాసుకున్నావా?"

రాసుకుంది. తొమ్మిదేళ్ళ తారీఖులు. ప్రతిసారీ నెలసరి రోజులే.

"అయితే ఇంకేం," అంది డాక్టరమ్మ. "కడుపు కోసినప్పుడు గర్భసంచి లోపలి పొరలోంచి ఒక రవ్వ ఊడి కుట్ల మధ్య చిక్కుకుపోయిందమ్మా. అక్కడే వేళ్ళు తన్నుకుంది. నెలనెలా సంచిలో పొర రక్తమై దిగిపోతుంది చూడు, ఇదీ అలాగే దిగాలని చూస్తుంది. దీనికి దారేదీ? చర్మం కింద ఉండిపోయి ఉబ్బుతుంది. అదే నీ సలుపు."

"అంటే... అది బతికే ఉందా మేడమ్?"

"బతికుంది కాబట్టేగా నొప్పి!" డాక్టరమ్మ నవ్వింది. "కోసి తీసేస్తే పీడా పోతుంది. భయపడకు."

తీసేసింది. బఠాణీ గింజంత ముద్ద. దాన్ని మందు సీసాలో వేసి మూత బిగించారు.

ఇక్కడే మైనం అక్క చెయ్యకూడని పని చేసింది. లాబ్‌లో ఒక నియమం ఉంది. తన ముక్కనిగానీ, తనవాళ్ళ ముక్కనిగానీ ఎవరూ ముట్టుకోకూడదు, పక్కవాళ్ళకి అప్పగించాలి. పక్కన పనిచేసే అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఇవాళ ఇస్తే రేపటికి ఆస్పత్రంతా ఆమె గర్భసంచి గురించే ముచ్చట్లు. అందుకని "నేనే తీసుకెళ్తా మేడమ్" అని సీసాని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేసుకుంది. సెలవు పది రోజులూ అది మంచం పక్కనే ఉంది. మందులో ఉన్నది పాడవదు. రెండో రోజు పొద్దున్నే కళ్ళు తెరిచి, ఎందుకో దానివైపు చూసి, "లేచావా?" అంది. అన్నాక సిగ్గేసింది. మూడో రోజు సిగ్గు కూడా వెయ్యలేదు. నాలుగో రోజు నించి వంట చేస్తూ కబుర్లు చెప్పింది. వినే ప్రాణి ఒకటి ఇంట్లో ఉంటే ఎంత బావుంటుందో ఆమె మర్చిపోయి చాలాకాలమైంది.

సెలవయ్యాక పనికెళ్ళిన రోజు ఆ సీసా తాలూకు ఫారం నింపుతూ పేరు దగ్గర ఆగింది. తన పేరు రాస్తే గుట్టు రట్టు. పెన్ను కాసేపు గాల్లో ఆడించి, 'పాప' అని రాసింది. పేరు పెట్టని పిల్లలకి ఆస్పత్రుల్లో అలాగే రాస్తారు, ఎవరూ అడగరు అనుకుంది.

పెద్ద డాక్టరు స్లైడు చూసి అడిగాడు. "గర్భసంచి లోపలి పొర, కుట్లలో పెరిగింది. భయమేం లేదు, మంచిదే. అది సరే, పాప ఏంటమ్మాయ్? పాపకి గర్భసంచి ఆపరేషన్ ఏంటి?"

"ఎవరో తప్పు రాసుంటారు సార్."

"సరిచేయించు."

"అలాగే సార్," అంది. చేయించలేదు. దిమ్మని నంబరు వరసలో సొరుగులో పెట్టేసింది.

తర్వాత దాదాపు నెలరోజులు ఆమె జన్మలో ఎరగని సుఖం. బోర్లా పడుకుంది. బస్సు కోసం పరిగెత్తింది. ఎదురింటావిడ పలకరిస్తే నిలబడి పావుగంట మాట్లాడింది. చెల్లి ఫోన్ చేసి ఎప్పటిలాగే, "వచ్చెయ్యక్కా, ఆ ఊళ్ళో నీకేముందని? ఇక్కడ మాత్రం లాబులు లేవా? పిల్లలు పెద్దమ్మ ఏదీ అని చంపుతున్నారు" అంటే, తొమ్మిదేళ్ళుగా సాకులు చెప్పిన మనిషి ఒక్కసారిగా "వస్తానే" అనేసింది. అవతల చెల్లి ఏడ్చినంత పని చేసింది. "ఇంక ఒంటరిగా ఉండద్దక్కా" అంది. మైనం అక్క ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వుతూనే కూర్చుంది. మనుషుల మధ్యకి వెళ్ళిపోవాలి. అంతే, ఇంకేం వద్దు. రాజీనామా ఇచ్చింది. వచ్చే సెలవు రోజు సాయంత్రం ఆరింటికి బస్సు.

దిమ్మని సొరుగులో పెట్టిన ఇరవై ఎనిమిదో రోజున, సర్దుతుంటే అది చేతికి తడిగా తగిలింది.

మైనం తడవదు. దీపం కిందికి తెచ్చి చూసింది. కోసిన మొహం మీద లేత గులాబీ రంగు చుక్క ఒకటి. తుడిచింది. మళ్ళీ ఊరింది. ఇంకో సంగతి, కోసిన దిమ్మ మొహం అద్దంలా చదునుగా ఉండాలి. ఇది మధ్యలో కొంచెం ఉబ్బి ఉంది. ఏదో దుమ్ము పడుంటుందిలే, ఒక పొర కోస్తే సరి అనుకుని మంచు పలక మీద పెట్టింది. పావుగంటైనా అది చల్లబడలేదు. చుట్టూ ఉన్న దిమ్మలన్నీ మంచులా అయ్యాయి. అదొక్కటి మాత్రం గోరువెచ్చగా ఉంది.

మిషనుకి బిగించి చక్రం ఒక్క చుట్టు తిప్పింది.

కుట్ల ఎడమ కొసన చురుక్కుమంది.

"అమ్మా..." అని బల్ల మీదికి వంగిపోయింది. అదే చోటు. అదే సలుపు. తీసేసిన చోట, ఏమీ లేని చోట.

అయినా అలవాటు కొద్దీ ఆ పొరని స్లైడు చేసి పెట్టింది. పెద్ద డాక్టరు చూసి పకపకా నవ్వాడు. "మైనం అక్క చేతిలో ఈ పొరపాటా! ఇది పసిబిడ్డ చర్మం. నీళ్ళ తొట్టిలో ఎవరి ముక్కో తేలి వచ్చి దీనికి అంటుకుంది."

"తొట్టి నేనే కడిగాను సార్. ఈ నెల్లో పసిబిడ్డల ముక్కలు ఒక్కటీ రాలేదు."

ఆయన నవ్వు ఆపి మళ్ళీ మైక్రోస్కోపులోకి చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. "ఒక పని చెయ్యి," అన్నాడు తలెత్తకుండా. "దిమ్మ చివరిదాకా కోసెయ్. అన్ని పొరలూ వరసగా స్లైడులు పెట్టు. తేలిపోతుంది. పదమూడేళ్ళ పేరు, పోతూపోతూ మచ్చ మిగుల్చుకోకు."

ఆయన చెప్పినదాంట్లో ఆమెకి ఇంకో ఆశ కనపడింది. చివరిదాకా కోసేస్తే ఇంక ఏమీ మిగలదు. నొప్పి మిగలదు. చెల్లి ఇంటికి వట్టి మనిషిగా వెళ్ళచ్చు.

సెలవు రోజు మధ్యాహ్నం, బట్టల సంచితో సహా లాబ్‌కి వచ్చింది. కింది అంతస్తులో నరపురుగు లేదు. నడవాలో మనిషి కదిలితే వెలిగే దీపాలు. ఆమె నడుస్తుంటే ముందు ఒకటొకటే వెలిగాయి, వెనక ఒకటొకటే ఆరిపోయాయి. గదిలో మైనం వాసన, దాని కింద కళ్ళు మండించే మందు వాసన. ఫ్రిజ్ గురగుర. బయట మిట్టమధ్యాహ్నం అనడానికి గుర్తుగా ఇక్కడ ఒక్క వెలుగు రేఖ లేదు. చెల్లికి మెసేజ్ పెట్టి, ఫోన్ బల్ల మీద పెట్టి, సొరుగు లాగింది.

దిమ్మ మొహం ఇంకా ఉబ్బి ఉంది.

బిగించింది. పళ్ళు కరుచుకుంది. చక్రం తిప్పింది.

ఒక చుట్టు, ఒక పోటు. ఒక చుట్టు, ఒక పోటు. చెమట కంట్లోకి కారింది. ఇరవై పొరలు రిబ్బనుగా వచ్చాక, కుంచెతో ఎత్తి నీళ్ళ తొట్టిలో వేసింది. వేడికి ముడతలు విప్పుకుంటూ మైనం పరుచుకుంది. ప్రతి పొరలోనూ మధ్యన చిన్న గుండ్రటి మచ్చ. మచ్చలో గీతలు. మైక్రోస్కోపు అక్కర్లేదు, కళ్ళకే కనపడుతున్నాయి. ఒకదానిలో ఒకటి సుడి తిరిగిన సన్నటి గీతలు.

వేలిముద్ర.

కందిపప్పు బద్దంత వేలిముద్ర.

చూసినదాన్ని నమ్మలేక ఇంకో రిబ్బను కోసింది. పోటు నడుము దాకా పాకింది. నీళ్ళలో ఈసారి గీతల పక్కన నెలవంకలా ఒక అంచు... గోరు. లేత గోరు.

అప్పుడు వాసన వచ్చింది. మైనం కాదు. మందు కాదు. పాలవాసన. పసిపిల్లల మెడ మడతల్లో ఉండే పుల్లటి పాలవాసన. తొమ్మిదేళ్ళ కిందట ఎవరూ ఆమెని పీల్చనివ్వని వాసన.

"నొప్పిగా ఉందా?" అంది. అంత మెల్లగా అంది, తనకే వినపడలేదు.

చక్రం ఆమె చేతి కింద ఆగిపోయింది. మళ్ళీ తిప్పబోయింది. కదల్లేదు. చెయ్యి తీసేసింది. చక్రం తనంతట తను, నెమ్మదిగా... సగం చుట్టు వెనక్కి తిరిగింది.

లేచి పారిపోవాలి కదా? మీరైతే పారిపోయేవారు. ఆమె పారిపోలేదు. భయం లేక కాదు. కానీ ఇన్నేళ్ళలో ఆమె మాట విని ఆగినది ఏదైనా ఉందంటే అది ఇదొక్కటే.

"కొయ్యను. కొయ్యన్లే... ఊరుకో."

దిమ్మని విప్పింది. రెండు చేతుల్లో పట్టుకుంది. వెచ్చగా ఉంది. ఒక్కసారి చూడాలి అనిపించింది. పొరలుగా కాదు. మొత్తంగా. దాన్ని చిల్లుల జాలీ పెట్టెలో వేసి, మైనం కరిగించే పెట్టెలో పెట్టి తలుపు మూసి, గాజులోంచి చూస్తూ నిలబడింది. తెల్లటి మైనం అంచుల నించి అద్దంలా తేటపడింది. జారింది. నీళ్ళయింది. పట్టకారుతో జాలీ పెట్టెని పైకి తీసి మూత విప్పింది.

ఖాళీ.

కరిగిన మైనాన్ని గాలించింది. వడపోసింది. ఏమీ లేదు. రవ్వంత కూడా లేదు.

సలుపు ఆగిపోయింది. ఒక్కసారిగా, దీపం తీసేసినట్టు. ఫ్రిజ్ గురగుర కూడా ఆగింది. ఎంత నిశ్శబ్దమంటే, తన ఊపిరి పక్కవాళ్ళదేమో అనిపించింది.

కుర్చీలో కూలబడి, బట్ట పక్కకి జరిపి కుట్ల వైపు చూసుకుంది. గాయం ఎప్పుడో మానిపోయింది. ఎర్రటి సన్న గీత. గీత ఎడమ కొసన చర్మం కింద ఏదో చిన్నగా లేచి ఉంది. ఆమె చూస్తుండగానే అది కదిలింది.

ఎడమ చూపుడువేలు దాని మీద పెట్టింది.

చర్మం కింద నించి... పట్టుకుంది.

పసిపిల్లలు పట్టుకుంటారు చూడండి, అరచేతిలో వేలు పెడితే, గట్టిగా, లోకంలో ఇంకేం అక్కర్లేనట్టు. సరిగ్గా అలా. ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది. వెక్కివెక్కి ఏడ్చింది. తొమ్మిదేళ్ళలో తన చెయ్యి పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు, నాడి చూడటానికి తప్ప. "ఉన్నావా తల్లీ," అంది. "ఇక్కడే ఉన్నావా? నేనెక్కడికీ వెళ్ళను. వదిలిపెట్టి ఎక్కడికీ వెళ్ళన్లే."

పట్టు బిగిసింది.

బల్ల మీద ఫోన్ మోగింది. చెల్లి. అప్పుడు గుర్తొచ్చింది బస్సు. "ఒక్క నిమిషం వదులు తల్లీ, పిన్నితో చెప్పి వస్తా," అని వేలు లాక్కోబోయింది. రాలేదు. వేలి కొస తెల్లబడిపోతోంది. "తల్లీ... వదులు. నొప్పెడుతోంది." ఇంకా బిగిసింది. కొంచెం లోపలికి లాగింది కూడా. చర్మం గుంట పడింది.

ఫోన్ ఆగింది. మళ్ళీ మోగింది.

కుడిచేత్తో అందుకోబోయింది. అందలేదు, బల్ల జానెడు దూరంలో ఉంది. లేవబోతే కడుపు చీలినంత నొప్పి. ఆ వేలిని ఎలాగైనా విడిపించుకోవాలని కుడి అరచెయ్యి కడుపు మీద ఆనించి బలమంతా పెట్టి లాగింది. కుడి చూపుడువేలు గీత రెండో కొసకి తగిలింది.

అక్కడా పట్టుకుంది.

కదలకుండా ఉండిపోయింది మైనం అక్క. ఫోన్ మోగుతూనే ఉంది. తెర మీద చెల్లి, ఇద్దరు పిల్లలు నవ్వుతున్నారు. కదలిక లేదు కనక నడవాలో దీపాలు ఆరాయి. కాసేపటికి గదిలోదీ ఆరింది. తర్వాత ఫోనూ ఆగింది.

"రెండు చేతులతోనూ పట్టుకున్నావా," అంది చీకట్లో, భయాన్ని బుజ్జగిస్తూ. "అంత భయమా నీకు, అమ్మ వెళ్ళిపోతుందని?"

పాలవాసన, అంతే.

ఏ ముక్క ఎటు తిరిగి ఉందో, దాని పై ఏదో కింద ఏదో కనిపెట్టడం పదమూడేళ్ళుగా ఆమె వృత్తి. ఆ చీకట్లోనూ, ఏడుస్తూనే, ఆ పని మానలేకపోయింది. ఎడమ కొసన తన వేలి చుట్టూ నాలుగు చిన్న వేళ్ళు ఒకవైపు నించి, బొటనవేలు రెండోవైపు నించి. గుర్తుపెట్టుకుంది. కుడి కొసకి ధ్యాస మళ్ళించింది. నాలుగు వేళ్ళు. బొటనవేలు.

మళ్ళీ చూసుకుంది. ఊపిరి బిగబట్టి ఇంకోసారి.

రెండింటికీ బొటనవేలు ఒకవైపే ఉంది. ఒక్క బిడ్డవే అయితే ఎదురెదురుగా ఉండాలి. రెండూ ఎడమచేతులే.